ఎడమ బొడిపె

నా కుడి బొటనవేలికి చదువు అబ్బలేదు. మిగతా పనులన్నీ చేస్తుంది. బోర్డు మీద లెక్కలు రాస్తుంది, ఫోన్లో ఎంత పెద్ద మెసేజయినా చకచకా కొట్టేస్తుంది. కానీ టీవీలో తుపాకీ ఆట పెట్టి రిమోట్ చేతికిస్తే మాత్రం ఆ వేలు మొద్దుబారిపోతుంది. తెర మీది మనిషిని నడపమంటే ఎడమ వేలితో ఎక్కడికైనా నడుపుతాను. అటూ ఇటూ చూపు తిప్పమంటే వాడు ఒకసారి ఆకాశాన్నీ, ఒకసారి తన బూట్లనూ తప్ప ఇంకేమీ చూడడు. ఈ తప్పు నాది కాదు, మా అక్కది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే కోపం తగ్గుతుందని కాదు. తగ్గించుకోవాలని నాకేమీ లేదు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్దది. వాళ్ళది కోరుట్ల, మాది సిరిసిల్ల. మా ఇంట్లో నాలుగు సాంచాలుండేవి. సాంచా అంటే మా ఊళ్ళో మరమగ్గం. పొద్దున కరెంటు వచ్చిన దగ్గర్నుంచి ఇల్లంతా దడదడే. ఎవరైనా మెల్లగా మాట్లాడితే వాళ్ళకు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్ళం. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నేను కోరుట్ల బస్సెక్కేదాన్ని. అక్కడ పెద్దమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. అది చప్పుడు లేని పని. మొదటి రెండు రోజులు ఆ ఇంట్లో నా గొంతు నాకే పెద్దగా వినిపించేది.

పెద్దనాన్న గల్ఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు వెంట తాళ్ళు బిగించిన అట్టపెట్టె, దాని మీద నల్ల రంగుతో రాసిన పేరూ ఊరూ. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆ అట్టపెట్టెలోంచి ఒక వీడియో గేమ్ పెట్టె బయటికి వచ్చింది. ఆ ఇంటి పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది ఈయన చేతిలో పెట్టారట.

దాని రిమోట్‌కు మూడు పిడులు. “మనిషికి రెండే చేతులాయె, మూడోది ఎవలకే?” అని పెద్దమ్మ అడిగేది. నడిమి పిడి మీద బొటనవేలితో తిప్పే ఒక బొడిపె, ఒక్కటే. ముందుకు తోస్తే మనిషి నడిచేవాడు, పక్కకు తోస్తే ఒళ్ళంతా అటు తిరిగేవాడు. పక్కకు అడుగు వేయాలంటే వేరే నాలుగు చిన్న పసుపు మీటలున్నాయి. తల ఎత్తి మేడ మీదున్న వాణ్ణి కాల్చాలంటే ముందు నిలబడిపోవాలి, ఇంకో మీట నొక్కి పట్టుకోవాలి, అప్పుడు గురి చుక్క తెర మీద తేలుతూ పైకి వెళ్ళేది. నడిచేటప్పుడు గురి లేదు, గురి చూసేటప్పుడు నడక లేదు. అది ఒక్క మనిషి ఆట అని మాకు తెలుసు. ఒకరు చచ్చిపోయాక ఇంకొకరు ఆడేవాళ్ళం. ఎవరి చావు వాళ్ళది, తగాదాలు లేవు.

తగాదా అంతా రెండో పెట్టెతో వచ్చింది. ఏడో తరగతి సెలవులకు నేను పోయేసరికి అది టీవీ కింద కూర్చుని ఉంది. పెద్దనాన్న వచ్చి, ఉండి, తిరిగి వెళ్ళిపోయి కూడా నెల అయిందట. రిమోట్ ఒక్కటే వచ్చింది. కానీ దాని మీద బొడిపెలు రెండు. ఎడమ చేతి దిక్కు ఒకటి, కుడి చేతి దిక్కు ఒకటి.

ఇక్కడ మా ఇంటి పని గురించి కొంచెం చెప్పాలి. సాంచా మీద పాత నూలు అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా పట్టుకుని ఎక్కించాలి. వెనక కూర్చున్న మనిషి పోగును వేరుచేసి అందిస్తే, ముందు కూర్చున్న మనిషి సన్నటి కొక్కెంతో దాన్ని తన వైపు లాక్కుంటాడు. మా ఇంట్లో అమ్మ అందించేది, నాన్న లాగేవాడు. మధ్యలో నూలు అడ్డం, ఒకరి మొహం ఒకరికి కనిపించదు. మాటలుండవు. నాన్న కొక్కెం బయటికి వచ్చేసరికి అమ్మ వేళ్ళ మధ్య పోగు సిద్ధంగా ఉండేది. ఒక మనిషి ఒంటరిగా ఆ పని చేయడం నేను ఎన్నడూ చూడలేదు. ఏ వస్తువుకైనా రెండు పట్టులుంటే అది ఇద్దరి పని అనే నా లెక్క.

అందుకే రిమోట్ చూడగానే నాకు అనుమానమే రాలేదు. నేలమీద దభీమని కూర్చుని, తీర్పు చెప్పినట్టు చెప్పాను.

“అక్కా, గిది ఇద్దరాడేదే. గీ ఎడమ బొడిపె ఒకలకు, గా కుడి బొడిపె ఇంకొకలకు.”

అక్క నా మొహంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత “అవ్ గదనే, గట్లనే ఉన్నట్టుంది” అంది. “ఎడమది నడుసుడు, కుడిది సూసుడు. నీకేది గావాలె?”

నేను ఎడమది పట్టుకున్నాను. చూడడంకంటే నడవడం గొప్ప అనిపించింది ఆ వయసులో.

అలా మొదలైంది. ఒకరి మోకాలికి ఒకరి మోకాలు ఆనించి, నడుమ రిమోట్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎడమ పిడి నా చేతిలో, కుడి పిడి అక్క చేతిలో. మిగిలిన రెండు చేతులకు పని లేదు. నా కుడి చెయ్యి చాప మీద ఉండేది, అక్క ఎడమ చెయ్యి తన ఒళ్ళో ఉండేది. నేను నడిపేదాన్ని, తను చూపు తిప్పి కాల్చేది. మొదట్లో ఘోరం. నేను తలుపు వైపు పోతుంటే అక్క కిటికీ వైపు చూసేది, మా వాడు గోడకు తల బాదుకునేవాడు. “గోడనే! గోడ!” అని అక్క, “నువ్వు సూత్తెనే గద నేను పోయేది!” అని నేను. పెద్దమ్మ చాట పక్కన పెట్టి మా వైపు తిరిగేది. “ఇద్దరు గల్సి ఒక్కన్ని సంపుతలేరు. గాడు మీకంటె నయమున్నడు.”

ఆ సెలవులు అయిపోయేలోపు మాటల అవసరం పోయింది. అక్క భుజం కొంచెం బిగుసుకుంటే కుడి దిక్కు ఏదో కనబడిందని నాకు తెలిసేది. నేను ఊపిరి బిగబడితే పరుగు తీయబోతున్నానని తనకు తెలిసేది. అన్నిటికంటే కష్టం, శత్రువు చుట్టూ తిరుగుతూ కాల్చడం. నేను పక్కకు పక్కకు అడుగులేస్తూ వాడి చుట్టూ పోవాలి, నేను ఎంత జరిగితే అంత తను చూపు వెనక్కి తిప్పాలి. ఒకరు ఇసుమంత ఎక్కువైనా గురి తప్పుతుంది. అది మాకు కుదరడానికి ఒక ఎండాకాలం పట్టింది. కుదిరిన రోజు ఇద్దరం లేచి గదిలో గంతులేశాం.

తర్వాత ప్రతి సెలవులకూ కొత్త ఆట, కొత్త ఆటలో మీటలు అటూ ఇటూ. ఎడమ బొడిపెను లోపలికి నొక్కితే పరుగు అన్నారు, అది నాకు వచ్చింది. బాంబు విసరడం ఎడమ పక్కకు మార్చారు, అదీ నాదే. ఇంకో ఏడాది వచ్చిన ఆటలో తుపాకీ కంటికి ఆనించి గురి చూసే పని కూడా ఎడమ చూపుడువేలి కిందికి వచ్చింది. అక్క ఒప్పుకోలేదు. “గురి నాది. నువ్వెట్ల ముడుతవ్?” అంది. “నా దిక్కున్నది నాదే” అన్నాను. పెద్దమ్మ దాకా పోయింది పంచాయితీ. చివరకు తుపాకీ ఎత్తేది నేను, పేల్చేది అక్క అని తేలింది. నేను ఎత్తకపోతే తను పేల్చలేదు, తను పేల్చకపోతే నేను ఎత్తి లాభం లేదు. నా జీవితంలో నేను ఇంకొకరికి అంత అవసరమై ఎన్నడూ లేను. సిరిసిల్లలో బడికి పోతూ కూడా ఆ మాట తలుచుకుని మురిసిపోయేదాన్ని. ఏడాదంతా అక్క నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, నేను లేకపోతే ఆ మనిషికి కాళ్ళు లేవు అనుకునేదాన్ని.

అక్క డిగ్రీకి జగిత్యాలలో చేరింది. నేను ఇంటర్. ఒకరోజు ఫోన్ చేసి, జగిత్యాల బస్టాండ్ దగ్గర ఒక గేమ్ షాపులో ఆదివారం పోటీ ఉంది, రమ్మంది. ఇద్దరం ఆడడానికే అనుకున్నాను. అదే ఆదివారం మా ఇంట్లో కొత్త నూలు ఎక్కిస్తున్నారు. అమ్మకు నడుం పట్టేసి వారం అయింది. పోగులు అందించడానికి నన్ను కూర్చోమంది. నాకు కాలేజీ అప్లికేషన్ పని ఉందని అబద్ధం చెప్పాను. ఆదివారం ఏ కాలేజీ తెరిచి ఉంటుందని అమ్మ అడగలేదు. “సరే బిడ్డా, పోయిరా” అంది. నేను వేములవాడలో బస్సు మారి, కిటికీ పక్కన కూర్చుని, ఎడమ బొటనవేలు మోకాలి మీద తిప్పుకుంటూ జగిత్యాల పోయాను.

షాపులో వరసగా టీవీలు, ఒక్కో టీవీ ముందు ఒక్కో కుర్చీ. అక్కడే నాకు మొదటి తేడా కొట్టింది. ఒక్కో కుర్చీ. బస్టాండ్‌లోనే కలిసిన అక్క నా వెనకాలే లోపలికి వచ్చింది. షాపు నడిపే మనిషి అక్కను చూసి లేచాడు.

“అచ్చిన్రా మేడం? గా మూల కుర్సీ మీదే. మీ సెట్టింగ్ పెట్టే ఉంచిన.”

ఈయనకు అక్క సెట్టింగ్ ఎట్లా తెలుసు అనుకున్నాను. అయినా నా తెలివి అంతవరకే పోయింది. “ఇంకో కుర్సీ ఎయ్యిన్రి అన్నా, మేమిద్దరం” అన్నాను.

ఆయన మంచిమనిషే, వెక్కిరించలేదు. “ఇద్దరెట్ల ఆడుతరమ్మా, రిమోట్ ఒక్కలదాయె. నీ పేరు గూడ యేరే రాయాల్నా?”

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూడలేదు.

“దానికి రాదన్నా” అంది. “నేనొక్కదాన్నే.”

దానికి రాదు. ఐదు ఎండాకాలాలు నడిపినదానికి నడక రాదు. అక్కడి నుంచి బయటికి వెళ్ళిపోవాల్సింది. కానీ అక్క ఎడమ చేత్తో ఏం చేస్తుందో చూడాలనిపించి నిలబడ్డాను. ఇప్పుడు గోడకు తల బాదుకుంటుంది, అప్పుడు నన్ను పిలుస్తుంది అని లోపల ఎక్కడో ఆశ.

అక్క రిమోట్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఎడమ బొటనవేలు నా బొడిపె మీదికి పోయింది. తెర మీది మనిషి నడిచాడు. నడవడమా! పరుగెత్తాడు, దూకాడు, స్తంభం వెనక దాక్కున్నాడు. ఎదురొచ్చిన వాడి చుట్టూ పక్కకు పక్కకు అడుగులేస్తూ, చూపు ఇసుమంత కదలకుండా వాడి మీదే పెట్టి, ఒక చుట్టు తిరిగి కూల్చేశాడు. మాకు ఒక ఎండాకాలం పట్టిన పని. నేను నడిపిన దానికంటే ఎంతో నున్నగా ఉంది ఆ నడక. నిన్నామొన్నా నేర్చుకున్న నడక కాదది. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. నేను బస్టాండ్‌కు వచ్చేశాను. తను గెలిచిందో లేదో ఈ రోజుకూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. అమ్మ నడుం వెనక దిండు పెట్టుకుని నూలు వెనక కూర్చుని ఉంది. ఒక్కో పోగుకూ పళ్ళు బిగిస్తోంది. “అప్లికేషన్ ఇచ్చినవా?” అంది. “ఇచ్చిన” అన్నాను. అమ్మను లేపి ఆ చోట్లో కూర్చున్నాను. నాన్న కొక్కెం బయటికి వచ్చింది, నా వేళ్ళ మధ్య పోగు లేదు. కొక్కెం అట్లాగే ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లేదు. కళ్ళు మసకబారి నాకు పోగులు కనిపించడం లేదు. మూడోసారికి అందించాను.

రెండు వారాల తర్వాత అక్క సిరిసిల్ల వచ్చింది. నేను సాంచాల మధ్య నిలబడి ఉంటే అక్కడికే వచ్చింది. నాలుగూ నడుస్తున్నాయి. చెవిలో అరిస్తే తప్ప ఏమీ వినబడదు.

“ఎడమది నడుపుడు ఎప్పటిసంది అచ్చు నీకు?” అని అరిచాను.

తనేదో అంది. వినబడలేదు.

“ఎప్పటిసంది?”

“మొదటిసంది!” అని అక్క గట్టిగా అరిచే సమయానికే కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ మాట మా వాకిలి దాటి పక్కింటి దాకా వినిపించింది. అమ్మ తొంగి చూసింది.

తర్వాత మెల్లగానే చెప్పింది. రెండో పెట్టెతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చిందట. అందులో రిమోట్ బొమ్మ, రెండు చేతులూ ఒకే మనిషివి. నేను సెలవులకు రాకముందే నెలంతా ఒక్కతే ఆడి నేర్చుకుందట. నేను వచ్చి తీర్పు చెప్పే రోజుకు తనకు అన్నీ వచ్చు. నా మొహంలోకి చూసిన ఆ ఒక్క క్షణం, నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించిన క్షణం.

“నువ్వు గంత మురిపెంగ చెప్తివి” అంది. “కాదంటె నీ మొకం సిన్నవోతదని...”

“సిన్నవోతె వోనీ! నాలుగు దినాలల్ల నేర్సుకుందును.”

“మల్ల నాతోని కూసుందువా?”

ఆమె అడిగింది తప్పు ప్రశ్న. నేను నేర్చుకుని ఉంటే పక్కన కూర్చునేదాన్నో లేదో తెలుసుకునే అవకాశమే తను ఇవ్వలేదు. ఏడాదిలో పది నెలలు రెండు చేతులతో ఆడి, నేను వచ్చే రోజున ఎడమ చెయ్యి ఒళ్ళో దాచుకుంది. “గోడనే! గోడ!” అని అరిచినప్పుడు గోడను తప్పించుకోవడం తనకు తెలుసు. నేను ఆ మనిషికి కాళ్ళు అనుకున్నాను. ఆ మనిషికి కాళ్ళు ఎప్పుడూ ఉన్నాయి. మోసం చేసినవాళ్ళు మన దగ్గర ఏదో ఒకటి తీసుకుంటారు. తిట్టడానికి అది ఆధారం. ఈమె నా దగ్గర ఏమీ తీసుకోలేదు, నాకు ఇచ్చింది. జాలి తీసుకొచ్చి, అది నా పని అని చెప్పి నా చేతిలో పెట్టింది. దీన్ని ఏమని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళలో కలుస్తాం, మాట్లాడుకుంటాం, ఆ ఊసు ఎత్తం. నేను తంగళ్ళపల్లి వైపు ఒక బడిలో లెక్కలు చెబుతాను. అక్క కోరుట్లలోనే ఉండి జగిత్యాలకు ఉద్యోగానికి పోయి వస్తుంది. ఆట వదిలేశాను కానీ, ఆ రిమోట్ల సంగతి మాత్రం వదల్లేదు. ఎక్కడ ఏ వార్త కనబడినా చదివేదాన్ని. రిమోట్‌ను గాలిలో వంచితే గురి కూడా వంగుతుందట. వెనక పక్కన నాలుగు మీటలు పెట్టారట, బొటనవేళ్ళు బొడిపెల మీద నుంచి తీసే పనే లేదట. ఏ మీట ఏం చేయాలో ఆడే మనిషే రాసుకోవచ్చట. ఒకప్పుడు రిమోట్ ఎట్లా చెబితే మన వేళ్ళు అట్లా వినాలి, ఇప్పుడు మన వేళ్ళ మాట రిమోట్ వింటోంది. బాగుపడ్డారు అనుకునేదాన్ని. నా వేలి మాట వినే రిమోట్ ఇంకా రాలేదు.

ఈ ఎండాకాలం అక్క ఫోన్ చేసింది. గొంతులో పాత ఉత్సాహం.

“చెల్లె, ఇన్నవా? రెండు రిమోట్లు గల్పి ఒక్క మనిషినే ఆడేటట్టు పెట్టిన్రు. కంపెనోళ్ళే పెట్టిన్రు. చేతులు సరిగ్గ రానోళ్ళ కోసమట. నువ్వన్నట్టే అయింది సూడు. ఒక్కపాలి రావే.”

‘నువ్వన్నట్టే అయింది’ అన్న మాటకు పడిపోయాను. చేతులు సరిగ్గా రానివాళ్ళలో నేనూ ఉన్నానన్న సంగతి బస్సులో కూర్చున్నాక గానీ తట్టలేదు. దిగిపోలేదు.

మధ్యాహ్నం పూట, అదే గది, కొత్త టీవీ. పెద్దమ్మ ఇప్పుడు బీడీలు చుట్టడం మానేసింది, వేళ్ళు వంగవు. అక్క నా చేతికి ఒక రిమోట్ ఇచ్చి, తనొకటి తీసుకుంది. “రెండిట్లనూ అన్ని పని జేత్తయి. మనం మాత్రం ఎప్పటి లెక్కనే. నీది ఎడమ, నాది కుడి. తక్కినయి ముట్టద్దు” అంది. మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాం.

మొదట మెట్ల దగ్గర తడబడ్డాననుకున్నాను, కానీ మా వాడు సర్దుకుని ఎక్కేశాడు. ఒక ఇరుకు సందులో గోడకు తగిలాననుకున్నాను, వాడు తప్పించుకున్నాడు. చెయ్యి ఏమీ మరిచిపోలేదు అనుకున్నాను. అక్క భుజం బిగుసుకుంటే నాకు తెలుస్తోంది. నేను తుపాకీ ఎత్తుతున్నాను, తను పేలుస్తోంది. పావుగంట గడిచేసరికి నాకు తెలియకుండానే నవ్వుతున్నాను. కరెంటు పోయిన ఆ రోజు గుర్తొచ్చింది, అంత మనసులో పెట్టుకోవాల్సింది కాదేమో అనిపించింది. ఈ ఆట కాగానే చెప్పేద్దాం, ‘పోనీలే అక్కా’ అని చెప్పేద్దాం అనుకున్నాను.

పెద్దమ్మ చాయ్ తెచ్చింది. వణికే చేతుల్లో కప్పు ఒలుకుతుంటే చటుక్కున ఎడమ చెయ్యి చాపి అందుకున్నాను. రిమోట్ ఒళ్ళోకి జారింది.

తెర మీది మనిషి ఆగలేదు. గోడ మలుపు తిరిగాడు. ఎదురొచ్చిన వాడి చుట్టూ పక్కకు పక్కకు అడుగులేస్తూ, నున్నగా, గుండ్రంగా తిరుగుతున్నాడు. నేను కప్పుతో అట్లాగే ఉండి పక్కకు చూశాను. అక్క ఎడమ బొటనవేలు తన రిమోట్ ఎడమ బొడిపె మీద తిరుగుతోంది.

శత్రువు కూలిపోయాడు.

“శభాష్ చెల్లె!” అంది అక్క, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా. “మస్తు నడిపినవ్. గట్లనే నడుపు.”

చాయ్ వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగాను.